ఘనాకు 68 ఏళ్లు: మార్చి 6న మాట్లాడుకోవాల్సిన సంగతులు

టెమా_తెలుగు | 6 మార్చి 2025

ఈసారి ఘనా స్వాతంత్ర్య దినం చాలా క్లుప్తంగా జరిగింది. బ్లాక్ స్టార్ స్క్వేర్‌లో వేలమంది స్కూలు పిల్లల కవాతు లేదు. అధ్యక్ష భవనం జూబిలీ హౌస్ ముంగిట్లోనే కార్యక్రమం ముగించేశారు. ఖజానా బాగాలేదు, ఖర్చు తగ్గిస్తున్నామని జనవరిలో పదవిలోకి వచ్చిన జాన్ మహామా ప్రభుత్వం ముందే చెప్పింది. అంతకుముందు కొన్నేళ్లు టమాలే, కుమాసీ, కేప్ కోస్ట్, కొఫొరిదువా అంటూ ఏడాదికో ఊళ్లో ఘనంగా చేశారు.

నేను టెమాలో మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. ఆఫ్రికా అనగానే మన గ్రూపుల్లో కరువు, కుట్ర, కలరా తప్ప ఇంకో మాట వినపడదు. ఆ బాధతోనే ఈ థ్రెడ్ మొదలుపెడుతున్నా.

1957 మార్చి 6న గోల్డ్ కోస్ట్ ఘనా అయింది. సహారాకు దక్షిణాన ఉన్న బ్రిటిష్ వలసల్లో నల్లజాతివాళ్ల పాలనలోకి స్వతంత్రంగా వచ్చిన మొదటి దేశం ఇదే. ఆ తర్వాత 1966, 1972, 1978, 1979, 1981లో ఐదుసార్లు సైన్యం గద్దె లాక్కుంది. 1992 నుంచి ఇప్పటివరకు తొమ్మిదిసార్లు అధ్యక్ష ఎన్నికలు జరిగాయి. ఒక పార్టీ ఓడి ఇంకో పార్టీకి కుర్చీ అప్పగించడం నాలుగుసార్లు జరిగింది: 2001, 2009, 2017, 2025. పక్కన బుర్కినా ఫాసోలో, మాలీలో, నైజర్‌లో ఇప్పుడు సైనిక దుస్తుల్లో ఉన్నవాళ్లే పాలిస్తున్నారు. అదే నేల, అవే కష్టాలు ఉన్న ఘనా ఎలా నిలబడింది? తెలిసినవాళ్లు రాయండి.

చరిత్రపిచ్చి | 6 మార్చి 2025

మంచి థ్రెడ్ అండి. నిలబడింది ఎలాగన్నది తర్వాత. ముందు అది మొదలైన చోటు చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ కథ మనకు బాగా దగ్గరది.

రెండో ప్రపంచ యుద్ధంలో పశ్చిమ ఆఫ్రికా నుంచి రెండు డివిజన్లు, 81, 82, మన దేశం మీదుగా బర్మా యుద్ధానికి వెళ్లాయి. అరకాన్ కొండల్లో, కలదాన్ లోయలో, రోడ్డన్నదే లేనిచోట సామాన్లు తలమీద మోసుకుంటూ పోరాడారు. శ్రీకాకుళం, విశాఖ వైపు ఇళ్లలో 'రంగం' వెళ్లినవాళ్ల కథలు ఇప్పటికీ ఉన్నాయి కదా. 1942లో జపాన్ దాడికి భయపడి రంగూన్ నుంచి కాలినడకన బయలుదేరిన మనవాళ్లలో చాలామంది దాటింది ఆ అరకాన్ దారులే. రెండేళ్ల తర్వాత అదే అడవుల్లో గోల్డ్ కోస్ట్ కుర్రాళ్లు చచ్చిపోయారు. ఇవాళ్టికీ అక్రాలో సైనిక ప్రధాన కార్యాలయం ఉన్న చోటును బర్మా క్యాంప్ అనే అంటారు.

తిరిగొచ్చినవాళ్లకు చెప్పిన డబ్బూ రాలేదు, ఉద్యోగాలూ రాలేదు. 1948 ఫిబ్రవరి 28న ఆ మాజీ సైనికులు నిరాయుధంగా, గవర్నర్‌కు అర్జీ ఇద్దామని క్రిస్టియన్స్‌బర్గ్ కోట వైపు నడిచారు. నాలుగు రోడ్ల కూడలిలో పోలీసు అధికారి కాల్చాడు. సార్జెంట్ అడ్జెటే, కార్పొరల్ అటిపో, ప్రైవేట్ ఒడార్టే లాంప్టే అక్కడికక్కడే పోయారు. అప్పటికే తెల్లవాళ్ల దుకాణాల్లో ధరల మీద బహిష్కరణ నడుస్తోంది, ఊరంతా మండిపోయింది. ఆంగ్లేయులు ఆరుగురు నాయకుల్ని పట్టి నిర్బంధించారు. ఆ ఆరుగురే 'బిగ్ సిక్స్'. డాన్‌క్వా, అకో అడ్జెయ్, ఎడ్వర్డ్ అకుఫో-అడో, ఒఫోరి అట్టా, ఒబెట్సెబీ-లాంప్టే, క్వామే ఎన్‌క్రూమా.

ఎన్‌క్రూమా ఆ గుంపులోంచి విడిపోయి 1949లో సీపీపీ (కన్వెన్షన్ పీపుల్స్ పార్టీ) పెట్టాడు. మిగతావాళ్లు వీలైనంత త్వరగా స్వపరిపాలన అంటే, ఈయన ఇప్పుడే అన్నాడు. 1950 జనవరిలో గాంధీగారి పద్ధతిలో సమ్మెలు, సహాయ నిరాకరణ. జైల్లో పెట్టారు. 1951 ఫిబ్రవరి ఎన్నికల్లో జైల్లో ఉండే అక్రా నుంచి పోటీ చేశాడు. పోలైన 23,122 ఓట్లలో 22,780 ఆయనకే పడ్డాయి. గవర్నర్ ఆయన్ని జైలునుంచి విడిచి, ప్రభుత్వం నడపమని పిలవాల్సొచ్చింది.

కాల్పుల్లో పోయిన ఆ ముగ్గురు సైనికుల పేర్లు మాత్రం ఘనా బయట పెద్దగా ఎవరూ తలవరు. ఈరోజైనా తలుద్దామని రాశాను.

వాణి_హనుమకొండ | 6 మార్చి 2025

మంచిగ రాసిన్రు సార్. నాకు ఒక్కటే అర్థం కాలేదు. జనం అంతలా నెత్తిన పెట్టుకున్న మనిషిని తొమ్మిదేండ్లలోనే సైన్యం దింపేస్తే అక్రా వీధుల్లో జనం డ్యాన్సులు చేసిన్రట గదా? విగ్రహాన్ని పడగొట్టిన ఫొటో నేను చూసిన. అంత కోపం ఎందుకొచ్చింది?

గోదారిగట్టు | 7 మార్చి 2025

వాణిగారూ, దీనికి జవాబు ఒక చట్టంలో ఉంది. నేను రాజమండ్రి కోర్టులో చాలాకాలం వకాల్తా చేసినవాణ్ణి కాబట్టి ఆ వైపు నుంచే చెప్తాను.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే, 1958లో, ముందస్తు నిర్బంధ చట్టం తెచ్చారు. విచారణ లేకుండా ఐదేళ్ల దాకా ఎవరినైనా లోపల ఉంచొచ్చు. మనం 1950లోనే అలాంటి చట్టం చేసుకున్నాం, ఏ.కె. గోపాలన్ కేసు లా చదివినవాళ్లందరికీ తెలుసు. మన సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టినా ఒక సెక్షన్ కొట్టేసింది. ఘనాలో ఆ మాత్రం కూడా జరగలేదు. 1961లో అకోటో కేసులో నిర్బంధితులు కోర్టుకెళ్తే, అధ్యక్షుడు పదవీ స్వీకారంలో స్వేచ్ఛల గురించి చేసే ప్రకటన నైతిక బాధ్యతే తప్ప చట్టం కాదని తేల్చేశారు. ఆ ఒక్క వాక్యంతో పౌరుడికి ఉన్న తలుపు మూసుకుపోయింది.

తర్వాత జరిగింది చూడండి. ఘనా అన్న పేరు పెట్టాలని ముందునుంచీ చెప్పిన జె.బి. డాన్‌క్వా, బిగ్ సిక్స్‌లో పెద్దాయన, 1965 ఫిబ్రవరిలో న్సావమ్ జైల్లో నిర్బంధంలోనే చనిపోయారు. అదే ఆరుగురిలో ఇంకొకరు అకో అడ్జెయ్. ఎన్‌క్రూమాను విదేశం నుంచి పిలిపించమని సలహా ఇచ్చింది ఆయనే. 1962లో కులుంగుగు అనే ఊళ్లో ఎన్‌క్రూమా మీద జరిగిన బాంబు దాడి కేసులో అకో అడ్జెయ్‌ని ముద్దాయిని చేశారు. ప్రధాన న్యాయమూర్తి ఆర్కూ కోర్సా ధర్మాసనం సాక్ష్యం చాలదని నిర్దోషిగా వదిలేసింది. ఎన్‌క్రూమా ప్రధాన న్యాయమూర్తినే తీసేసి, కేసు మళ్లీ నడిపించి మరణశిక్ష వేయించారు. దాన్ని తర్వాత జైలుగా మార్చారు. 1964లో ఒకే పార్టీ రాజ్యం అని రెఫరెండం. ఇక ఓటుతో దింపే దారి ఎక్కడుంది? ఓటు దారి మూసేసినచోట తుపాకీ దారి తెరుచుకుంది. 1966 ఫిబ్రవరి 24న ఆయన వియత్నాం శాంతి ప్రయత్నాల మీద హనోయ్ బయల్దేరి బీజింగ్ చేరేసరికి అక్రాలో సైన్యం పని ముగించేసింది.

బెజవాడ_బాబాయ్ | 7 మార్చి 2025

లాయరుగారు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ అంతటితో ఆపేస్తే ఆ మనిషికి అన్యాయం చేసినట్టే.

ఈ థ్రెడ్ పెట్టిన అబ్బాయి ఉంటున్న టెమా ఊరే ఎన్‌క్రూమా కట్టించింది. అంతకుముందు అది చేపలుపట్టే పల్లె. ఓడరేవు, కొత్త పట్నం, పరిశ్రమలు అన్నీ ఆ తొమ్మిదేళ్లలో లేచినవే. వోల్టా నది మీద అకొసొంబో డ్యామ్ 1966 జనవరిలో ప్రారంభించారు, ఇప్పటికీ దేశానికి ప్రధాన విద్యుత్ వనరుల్లో అదొకటి. దాని కింద దాదాపు 80,000 మంది ఊళ్లు మునిగాయి, ఆ బాధ కూడా చెప్పుకోవాలి. పిల్లలకు ఉచిత చదువు పెట్టారు. 1958లో గినీ ఫ్రాన్సుకు ఎదురుతిరిగితే, ఫ్రెంచివాళ్లు టెలిఫోన్లతో సహా ఊడబెరుక్కుని పోయినరోజున, కోటి పౌండ్ల అప్పు ఇచ్చి ఆదుకున్నది ఘనా. ఆఫ్రికా మొత్తం విముక్తి కాకపోతే మన స్వాతంత్ర్యానికి అర్థం లేదని పోలో గ్రౌండ్‌లో ఆ అర్ధరాత్రి అన్నమాట ఊరికే అన్నది కాదు, ఖజానా తెరిచి చూపించాడు.

ఇంకో సంగతి. కుట్ర నడుస్తోందని అమెరికా ప్రభుత్వానికి ముందే తెలుసని వాళ్ల పత్రాలే తర్వాత బయటపెట్టాయి. అప్పుడే ప్రపంచ మార్కెట్లో కోకో ధర కూలిపోయింది. దేశం బతికేది కోకో మీద. ఆ ధర తన చేతిలో లేని నాయకుణ్ణి అన్నిటికీ బాధ్యుణ్ణి చేయడం నాకు మింగుడుపడదు.

గోదారిగట్టు | 7 మార్చి 2025

డ్యామూ నిజమే, జైలూ నిజమే బాబాయ్‌గారూ. కోకో ధర పడిపోయినందుకు డాన్‌క్వాను జైల్లో పెట్టనక్కర్లేదు. నా మాట అంతవరకే.

లెక్కల_మాస్టారు | 8 మార్చి 2025

మధ్యలో ఉన్న 1966–1992 కాలాన్ని దాటేస్తే ఇప్పటి ఘనా అర్థం కాదు. ఆ కాలం తాలూకు అనుభవం ఉన్నవాళ్ల మాట ఎవరైనా రాయగలరా?

టెమా_తెలుగు | 8 మార్చి 2025

మాస్టారూ, మా ప్లాంటులో స్టోర్స్ చూసే పెద్దాయన చెప్పినవి రాస్తాను.

1983 ఆయన మర్చిపోలేని ఏడు. వానల్లేవు, కార్చిచ్చులు కోకో తోటల్ని కాల్చేశాయి. అదే జనవరిలో నైజీరియా తమ దేశంలో పత్రాల్లేకుండా ఉన్నవాళ్లని వెళ్లిపొమ్మంది. ఘనావాళ్లే పది లక్షల దాకా తిరిగొచ్చారని అంచనా. దొరికిన గళ్ల సంచిలో సామాను కుక్కుకుని లారీలెక్కారు. ఆ సంచిని నైజీరియాలో ఇప్పటికీ 'ఘనా మస్ట్ గో' అనే పిలుస్తారు. అంతకుముందు 1969లో బుసియా ప్రభుత్వం ఇలాగే నైజీరియావాళ్లనీ ఇతరులనీ రెండు వారాల గడువిచ్చి ఘనా నుంచి పంపేసింది. ఆ గాయం రెండువైపులా ఉంది.

తిండి లేక మెడ కింద ఎముకలు బయటికి కనపడేవి. అప్పటి పాలకుడు జెర్రీ రాలింగ్స్ పేరు మీద వాటిని 'రాలింగ్స్ చైన్' అనేవారట. ఆ మాట చెప్పేటప్పుడు పెద్దాయన నవ్వలేదు.

రాలింగ్స్ వైమానిక దళ అధికారి. 1979 జూన్ 4న మొదటిసారి వచ్చి ముగ్గురు మాజీ సైనిక పాలకుల్ని కాల్చి చంపించాడు. ఎన్నికైన లిమాన్‌కు గద్దె ఇచ్చి, 1981 డిసెంబర్ 31న మళ్లీ లాక్కున్నాడు. 1982 జూన్‌లో ముగ్గురు హైకోర్టు న్యాయమూర్తుల్ని ఇళ్లనుంచి ఎత్తుకెళ్లి చంపారు. ఇక్కడి న్యాయవాదులు వాళ్లని ఇప్పటికీ ఏటా తలుచుకుంటారు. అదే రాలింగ్స్ 1992లో రాజ్యాంగం తెచ్చి, రెండుసార్లు ఎన్నికల్లో గెలిచి, 2001 జనవరి 7న ప్రతిపక్ష నాయకుడు కుఫూర్‌కు కుర్చీ ఇచ్చి ఇంటికెళ్లాడు. ఈ మనిషిని ఏ గడిలో పెట్టాలో ఇక్కడివాళ్లకే ఏకాభిప్రాయం లేదు.

లెక్కల_మాస్టారు | 9 మార్చి 2025

చాలా విలువైన పోస్టు. ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. ఘనా నిలబడింది ఎలాగంటే, నా దృష్టిలో జవాబు ఒక గులాబీరంగు కాగితం.

1992 అధ్యక్ష ఎన్నికల్లో మోసం జరిగిందని ప్రతిపక్షం పార్లమెంటు ఎన్నికల్నే బహిష్కరించింది. ఆ దెబ్బతో ఎన్నికల సంఘం పార్టీలన్నిటినీ ఒక సలహా కమిటీలో కూర్చోబెట్టి, ఒక్కొక్క అనుమానాన్నీ తీర్చే పనిలో పడింది. 1996కి లోపల ఏముందో బయటికి కనపడే పారదర్శక పెట్టెలు వచ్చాయి. 2012కి వేలిముద్ర సరిచూసే యంత్రాలు వచ్చాయి. క్వాడ్వో అఫారి-జ్ఞాన్ అనే ప్రొఫెసరు 1993 నుంచి 2015 దాకా ఆ సంఘానికి అధిపతి. ప్రభుత్వాలు మారాయి, ఆయన మారలేదు.

అసలు బలం ఓట్ల లెక్కింపులో ఉంది. పెట్టెలు ఎక్కడికీ తీసుకుపోరు. పోలింగ్ అయిన చోటే, చెట్టుకిందో స్కూలు వరండాలోనో, అందరి ముందూ లెక్కిస్తారు. ఫలితం 'పింక్ షీట్' మీద రాసి, ఏజెంట్లందరి చేతా సంతకాలు పెట్టించి, తలా ఒక ప్రతి ఇస్తారు. ఒకటి అక్కడే అంటిస్తారు. దేశంలో 40 వేలకు పైగా పోలింగ్ కేంద్రాలు. అన్ని కాగితాలూ రెండు పెద్ద పార్టీల దగ్గరా చేరతాయి, ఎఫ్ఎం రేడియోలు అక్కడికక్కడ చదివేస్తాయి, పౌరసంఘాల పరిశీలకులు నమూనా కేంద్రాలతో విడిగా లెక్క వేస్తారు. రాజధానిలో కూర్చుని ఎవరో అంకె మార్చాలంటే ఇంతమంది చేతుల్లో ఉన్న కాగితాలు ఒప్పుకోవు.

2008లో తేడా ఎంతో తెలుసా? 40,586 ఓట్లు. తైన్ అనే ఒక్క నియోజకవర్గంలో జనవరి 2న ఓటింగ్ జరిగేదాకా దేశమంతా ఊపిరి బిగబట్టింది. ఓడింది అధికారంలో ఉన్న పార్టీ. అయినా కుర్చీ ఇచ్చేసింది.

2012 ఎన్నిక మీద, ఓడిన ఎన్‌పీపీ (న్యూ పేట్రియాటిక్ పార్టీ) సుప్రీంకోర్టుకెళ్లింది. తొమ్మిదిమంది న్యాయమూర్తులు, టీవీలో ప్రత్యక్ష ప్రసారం, వేల పింక్ షీట్లు సాక్ష్యం. బోనులో రోజుల తరబడి నిలబడిన ప్రధాన సాక్షి డాక్టర్ బవుమియా. అక్కడ మీరూ లేరు, నేనూ లేను, కాగితం మీద ఉన్నదే సాక్ష్యం అన్న ఆయన మాట పిల్లల నోట కూడా ఊతపదమైంది. 2013 ఆగస్టు 29న తీర్పు వాళ్లకు వ్యతిరేకంగా వచ్చింది. అంగీకరించనుగానీ కట్టుబడతానని అభ్యర్థి అకుఫో-అడో అదేరోజు ప్రకటించి, గెలిచిన మహామాకు ఫోన్ చేశాడు.

2024 డిసెంబర్ 7న అదే బవుమియా అధ్యక్ష అభ్యర్థి. మర్నాడు పొద్దున్నే, ఎన్నికల సంఘం ఇంకా ప్రకటించకముందే, తమ పార్టీ సొంతంగా కూడిన లెక్క ప్రకారం ఓడిపోయామని చెప్పి మహామాకు ఫోన్ చేశాడు. పింక్ షీట్ల మీద కోర్టులో అన్నాళ్లు నిలబడిన మనిషి, తన చేతిలోని పింక్ షీట్లు ఓడిపోయావని చెబితే నమ్మాడు. ఆ పొద్దున ఆ వార్త చూసి నాకు ఒళ్లు పులకరించింది.

టెమా_తెలుగు | 9 మార్చి 2025

మాస్టారు రాసినదానికి కంటితో చూసిన సాక్ష్యం: ఆ సాయంత్రం మా వీధి చివర బడిలో లెక్కింపు. అధికారి ఒక్కో బ్యాలెట్ పైకెత్తి అందరికీ చూపిస్తుంటే, చుట్టూ మూగిన జనం అంకెలు పైకి పలికారు. చీకటి పడితే ఫోన్ల లైట్లు పట్టుకున్నారు. రెండు పార్టీలవాళ్లూ ఒకే బల్ల చుట్టూ ఉన్నారు.

అన్నిచోట్లా ఇంత ప్రశాంతం కాదు. 2020లో టెచిమన్ సౌత్‌లో కాల్పుల్లో మనుషులు చనిపోయారు, ఆ కుటుంబాలకు న్యాయం ఇప్పటికీ అందలేదని ఇక్కడ అంటుంటారు.

వాణి_హనుమకొండ | 10 మార్చి 2025

లెక్క బాగుంది. మరి ఆ లెక్కలో ఆడవాళ్లెక్కడున్నరు?

ఘనా జెండా గీసింది ఒక ఆర్టిస్టు, థియొడోషియా ఒకో. ఎరుపు, బంగారు, ఆకుపచ్చ రంగుల నడుమ నల్ల నక్షత్రం ఆమె ఆలోచనే. అంగడి నడిపేదీ, సీపీపీకి చందాలిచ్చి నిలబెట్టిందీ మార్కెట్ ఆడవాళ్లే. 1979లో ధరలు పెంచిన్రని సైనికులు అక్రాలో మకోలా మార్కెట్‌ను నేలమట్టం చేసి, ఆ ఆడవాళ్లనే కొట్టిన్రు. ఇప్పటి పార్లమెంటుల 276 సీట్లకు ఆడవాళ్లు నలభై చిల్లర. 2024ల జెండర్ సమానత్వ చట్టం ఒకటి చేసిన్రు, మెల్లమెల్లగ సగం దాక పోవాలని. నానా జేన్ ఒపోకు-అగ్యెమాంగ్ మొదటి మహిళా ఉపాధ్యక్షురాలైంది, ఆమె ఒక యూనివర్సిటీకి వీసీగా చేసిన మనిషి. సంతోషమే. గని ఒక్క కుర్చీని చూసి నేను తృప్తి పడ.

కృష్ణాతీరం | 10 మార్చి 2025

నేను పర్యావరణ ఇంజనీరును. మీరంతా ఓట్ల గురించి రాస్తుంటే నాకు ఘనా నదులు గుర్తొస్తున్నాయి.

బంగారం తవ్వకంలో ఘనా ఆఫ్రికాలోనే ముందుంది. దాంట్లో అనుమతి లేకుండా నడిచేదాన్ని 'గలామ్సే' అంటారు. ఒకప్పుడు పారా, పళ్లెంతో జరిగేది. ఇప్పుడు ఎక్స్‌కవేటర్లు దిగాయి. ఒడ్డంతా తవ్వి, మట్టి కడిగి, పాదరసంతో బంగారం పట్టి, మిగిలింది నదిలోకి వదిలేస్తారు. ప్రా, అంకోబ్రా, ఒఫిన్ నదులు పైనుంచి చూస్తే టీ రంగులో ఉంటాయి. 2024 ఆగస్టులో కేప్ కోస్ట్‌కు నీళ్లిచ్చే సెకియెరే హెమాంగ్ ప్లాంటు దగ్గర నీటి మురికితనం 14,000 ఎన్‌టీయూ (నీటి మసకను కొలిచే యూనిట్) అని నీటి సంస్థ ప్రకటించింది. ఆ ప్లాంటు తట్టుకునేట్టు కట్టింది 2,000 వరకే. శుద్ధి చేసి తాగే నీళ్లు అయిదు ఎన్‌టీయూ లోపు ఉండాలి. అంటే ఊరికి నీళ్లు ఆపేయడం తప్ప గత్యంతరం లేదు. కోకో తోటలు కూడా తవ్వకానికి అమ్ముడుపోతున్నాయి.

సెప్టెంబర్‌లో యువకులు అక్రాలో రోడ్డెక్కితే పదులమందిని అరెస్టు చేసి రోజులకొద్దీ లోపల ఉంచారు. రెండు పార్టీలూ ఎన్నికలముందు నదుల్ని కాపాడతామనే అన్నాయి. తవ్వేవాళ్లకూ ఓట్లున్నాయి, తవ్వించేవాళ్ల దగ్గర పార్టీలకిచ్చే డబ్బుంది. ప్రభుత్వాన్ని మార్చగలిగిన ఓటు ఎక్స్‌కవేటర్‌ను ఎందుకు ఆపలేకపోతోంది? మాస్టారు దీనికి జవాబు చెప్పాలి.

లెక్కల_మాస్టారు | 11 మార్చి 2025

నిజాయితీగా చెప్తాను, పింక్ షీట్‌కు ఆ శక్తి లేదు. ఎవరు కూర్చోవాలో అది తేలుస్తుంది. కూర్చున్నాక నాలుగేళ్లు అడిగేవాళ్లెవరన్నది వేరే ఏర్పాటు. ఘనాలో అధ్యక్షుడి చేతిలో అధికారం చాలా ఎక్కువ. జిల్లా అధిపతుల్ని ఆయనే నియమిస్తాడు. మంత్రుల్లో సగానికి పైగా ఎంపీలై ఉండాలని రాజ్యాంగం 78వ అధికరణ చెప్తుంది, కాబట్టి అడగాల్సిన ఎంపీ పదవి కోసం ఎదురుచూస్తుంటాడు.

టెమా_తెలుగు | 11 మార్చి 2025

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 2022 డిసెంబర్‌లో ద్రవ్యోల్బణం 54.1 శాతం. ఆ నెలలోనే విదేశీ అప్పులు కట్టలేమని ప్రభుత్వం చేతులెత్తేసింది. స్వదేశీ బాండ్లు కొనుక్కున్నవాళ్లను తక్కువ వడ్డీకి, ఎక్కువ గడువుకి మార్చుకోమంది. పెన్షనర్లు ఆర్థిక శాఖ ముందు రోజుల తరబడి కూర్చున్నారు. వాళ్లలో మాజీ ప్రధాన న్యాయమూర్తి సోఫియా అకుఫో కూడా ఉన్నారు. చివరికి పెన్షనర్లను మినహాయించాల్సి వచ్చింది. 2023 మేలో ఐఎంఎఫ్ 300 కోట్ల డాలర్ల సాయం ఒప్పుకుంది.

మాలాంటివాళ్లకు సెడీలో, అంటే ఘనా కరెన్సీలో, జీతం. ఇంటికి పంపే రూపాయలు సగానికి పడిపోయిన ఆ నెలలు మాకు తెలుసు. అయితే మేం తిరిగొచ్చేయొచ్చు. మా లైన్‌లో పనిచేసే అమ్మాయికి ఆ అవకాశం లేదు. 2024లో ఓటింగ్ 79 నుంచి దాదాపు 61 శాతానికి పడిపోయిందంటే అధికార పార్టీని నమ్మినవాళ్లే చాలామంది ఇంట్లో ఉండిపోయారన్నమాట.

బెజవాడ_బాబాయ్ | 12 మార్చి 2025

అక్రాలోని ఘనా యూనివర్సిటీలో గాంధీగారి విగ్రహం తీసేశారని అప్పట్లో మనవాళ్లు చాలా బాధపడ్డారు. దాని సంగతేంటి?

చరిత్రపిచ్చి | 12 మార్చి 2025

2016 జూన్‌లో ప్రణబ్ ముఖర్జీగారు ఆవిష్కరించారు, 2018 డిసెంబర్‌లో తీసేశారు. దక్షిణాఫ్రికాలో యువకుడిగా ఉన్నప్పుడు గాంధీ నల్లవాళ్లను చిన్నచూపు చూస్తూ రాసిన మాటలు ఉన్నాయని అధ్యాపకులు అభ్యంతరం చెప్పారు. ఆ రాతలు నిజంగానే ఉన్నాయి. ఎన్‌క్రూమా గాంధీ దగ్గర నేర్చుకున్నదీ నిజమే. తమ ప్రాంగణంలో ఎవరి విగ్రహం ఉండాలో నిర్ణయించుకునే హక్కు వాళ్లది, దానికి నొచ్చుకోవాల్సిన పనిలేదని నా అభిప్రాయం.

టెమా_తెలుగు | 14 జులై 2025

థ్రెడ్ మళ్లీ పైకి తెస్తున్నా, మాస్టారు చూడాలి. అబ్లెకుమా నార్త్ అనే అక్రా నియోజకవర్గంలో డిసెంబర్‌లో కొన్ని పింక్ షీట్ల మీద గొడవైంది. ఏడు నెలలు సీటు ఖాళీ. జులై 11న 19 కేంద్రాల్లో మళ్లీ పోలింగ్ పెడితే దుండగులు వచ్చి పాత మంత్రి ఒకామెను, విలేఖరుల్ని కొట్టారు. పోలీసులు అక్కడే ఉన్నారు. ఇప్పుడు గెలిచిన పార్టీ గతంలో ప్రతిపక్షంలో ఉండి ఇలాంటి దౌర్జన్యం మీదే పోరాడింది. 2019లో అయవాసో ఉప ఎన్నికలో దెబ్బలు తిన్నది వాళ్లే.

సెడీ మాత్రం కోలుకుంది. డాలరుకు 15 ఉన్నది పదికి దగ్గరగా వచ్చింది.

లెక్కల_మాస్టారు | 15 జులై 2025

చదివాక చాలా కష్టంగా ఉంది. కాగితం మీద నమ్మకం కాగితం దగ్గరికి వెళ్లే దారి భద్రంగా ఉన్నంతవరకే. కొట్టినవాళ్లు ఏ పార్టీ అయినా శిక్ష పడిందా లేదా అన్నది మీరు అక్కడినుంచి గమనించి రాయండి.

గోదారిగట్టు | 22 సెప్టెంబర్ 2025

నిన్న సెప్టెంబర్ 21, ఎన్‌క్రూమా పుట్టినరోజు. ఈ ఏడు మళ్లీ అదే స్థాపక దినం అయింది. 2019లో అప్పటి అధ్యక్షుడు అకుఫో-అడో దాన్ని ఆగస్టు 4కి మార్చి, దేశం ఒక్కరి చేతిమీదుగా రాలేదు, అందరూ స్థాపకులే అన్నారు. ఆయన తండ్రి బిగ్ సిక్స్‌లో ఒకరు, డాన్‌క్వా కుటుంబ బంధువు. మహామా వెనక్కి మార్చారు. పార్టీ మారినప్పుడల్లా తేదీ మారడం బాగోలేదు గానీ, ఆ తగువు పత్రికల్లో, పార్లమెంటులో జరుగుతోంది. 1965లో అయితే జైల్లో తేలేది.

నన్ను కలవరపెట్టింది వేరే. సెప్టెంబర్ 1న ప్రధాన న్యాయమూర్తి గెర్ట్రూడ్ టోర్కోర్నూను పదవినుంచి తొలగించారు. మార్చిలో నేను కోర్సా గురించి రాశాను. ఈసారి 146వ అధికరణ ప్రకారం ఫిర్యాదులు, విచారణ కమిటీ, నివేదిక అన్నీ నడిచాయి, రాత్రికి రాత్రి తీసేయలేదు. అయినా విచారణ గదిలో తలుపులు మూసి జరిగింది. మునుపటి అధ్యక్షుడు నియమించిన న్యాయమూర్తిని కొత్త అధ్యక్షుడు వచ్చిన ఎనిమిది నెలల్లో తొలగిస్తే, నియమం ఎంత పాటించినా జనంలో అనుమానం మిగులుతుంది. లెక్కింపు బయట చేసే దేశం ఈ విచారణను కూడా బయట చేసి ఉండాల్సింది.

బెజవాడ_బాబాయ్ | 22 సెప్టెంబర్ 2025

ఆ మాటతో నేనూ ఏకీభవిస్తాను. ఆమె మీద ఆరోపణలు నిజమే అయితే బహిరంగ విచారణకు వెరవాల్సిన పనేముంది?

కృష్ణాతీరం | 23 సెప్టెంబర్ 2025

రాజ్యాంగ సమీక్ష కమిటీ ఒకటి ప్రజల అభిప్రాయాలు తీసుకుంటోందని చదివాను. జిల్లా అధిపతుల్ని ప్రజలే ఎన్నుకునే ప్రతిపాదన దాంట్లో ఉందా? నది పక్కన తవ్వకం ఆపాల్సిన మొదటి అధికారి ఆయనే కదా.

టెమా_తెలుగు | 23 సెప్టెంబర్ 2025

ఆ చర్చ గట్టిగానే నడుస్తోంది అన్నా. 2019 డిసెంబర్ 17న స్థానిక ఎన్నికల్లో పార్టీలను అనుమతించాలా అని రెఫరెండం పెట్టబోయి, జిల్లా అధిపతుల్ని ఎన్నుకునే సవరణతో సహా అన్నిటినీ చివరి నిమిషంలో వెనక్కి తీసుకున్నారు. ఈసారి కమిటీకి అధ్యక్షుడు ప్రొఫెసర్ క్వాసీ ప్రెంపే. అధ్యక్షుడి నియామక అధికారాలు తగ్గించాలని ఎప్పటినుంచో రాస్తున్నవాళ్లలో ఆయన ఒకరు. మా స్టోర్స్ పెద్దాయన ఒకే మాట అంటున్నారు: మా ఊరి అధిపతి పేరు కూడా అందరి ముందూ పైకి పలికి లెక్కపెట్టాలట. నివేదిక వచ్చాక ఇక్కడే పెడతాను.